లైటు పడ్డంత మేర

గోదావరిఖని బస్టాండు దగ్గర ఒకరోజు, "జరుగు భయ్, తొవ్వకు అడ్డం నిలవడ్డవేంది?" అని నేను గట్టిగా కసిరింది ఒక చెత్తడబ్బాను. పోయి గుద్దుకున్నది నేనే. డబ్బా మర్యాదగలది కాబట్టి తిరిగి ఒక్క మాట అనలేదు. పక్కనున్న తోటి కార్మికుడు మాత్రం మరుసటి షిఫ్టుకల్లా బాయంతా చాటింపు వేశాడు. బాయి అంటే మా బొగ్గుగని. అందరితో పాటు నేనూ నవ్వాను. బడి మానేసినప్పటి నుంచి నవ్వించడమే నా చదువు.

తర్వాత గడప తగిలి పడ్డాను. ఎడమపక్క పెట్టిన చాయ్ గ్లాసును మోచేత్తో నెట్టేశాను. అయినా కళ్ల మీద అనుమానం రాలేదు. ఎందుకంటే బాయిలో అందరి చూపూ అంతే. టోపీకున్న దీపం ఎటు తిరిగితే అటు గుండ్రటి వెలుగు, చుట్టూ చీకటి. పక్కన మనిషి ఉన్నాడో లేడో తెలియాలంటే తల తిప్పాలి. "లైటు గిటు తిప్పు" అని ఒకరినొకరు అరుచుకుంటూనే పని చేస్తాం. అలా బతికినవాడికి పక్కలు నల్లబడితే కొత్తేముంది?

నా భార్యే పట్టుబట్టి కంటి దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ మా వైపు మనిషే. ఒక మిషన్‌లో తల పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమంది. నేను చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

"మేడమ్, మీ మిషన్ ఖరాబైనట్టున్నది. చుక్కలే వస్తలేవు."

"వస్తున్నయ్ కాకా. మీకే కనవడ్తలేవు."

"బాయి మనుషులకు గంతే కనవడ్తది మేడమ్."

"మరి డ్యూటీ లేనినాడు? ఎండల గూడ గట్లనేనా?"

మిట్టమధ్యాహ్నం క్వార్టర్ ముందు నిలబడి కూడా నేను టోపీ దీపం వెలుగులోనే చూస్తున్నానని అప్పుడు తెలిసింది.

గ్లాకోమా అంది. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోతూ వస్తుందట. ఎడమ కన్ను దాదాపు పోయింది. పోయిన చూపు ఇక రాదు. కుడికంట్లో మిగిలినదాన్నయినా నిలబెట్టాలి. చుక్కల మందుకు ఒత్తిడి లొంగలేదు. ఇక ఆ కంటికి ఆపరేషన్ చేయాల్సిందే అంది.

ఆమెకు ఈ ఆపరేషన్ నేర్పిన పెద్ద డాక్టర్ వేరే దేశంలో ఉంటాడు. ఏటా చలికాలంలో వచ్చి ఇక్కడి డాక్టర్లతో కలిసి పనిచేస్తాడు. మిగతా రోజుల్లో కష్టమైన కేసులను కంప్యూటర్ తెర మీదే చూస్తాడు. ఆమె నా కంటి ఫొటోలు పంపి, నా ముందే ఆయనతో మాట్లాడింది. నేను చెప్పిన టోపీ దీపం సంగతీ చెప్పింది. ఆయన మళ్లీ చెప్పమన్నాడు. నవ్వలేదు. నా మాటకు నవ్వని మనిషిని చూసి నాకు భయం వేసింది. ఇకనుంచి బాయి దిగేవాళ్లను పట్టపగలు ఎలా కనిపిస్తుందో అడిగి తీరాలని ఇద్దరూ అనుకున్నారట. మంచిదే. కానీ నన్ను ఎవరూ అడగకముందే నా కన్ను పోయింది కదా.

"ఆయన్నే రమ్మనుండ్రి మేడమ్. మీ కాల్మొక్త."

"చలికాలం దాక మీ నరం ఆగది కాకా. నేనే చేస్త. ఆయన అక్కడి నుంచి చూస్తనే ఉంటడు."

"ఉన్నది ఒక్క కన్నే మేడమ్."

"నాకెరుకే."

ఒక జోకు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు.

ఆపరేషన్ మరునాడు కట్టు విప్పారు. అదే వెలుగు, అదే గుండ్రం, అదే చీకటి. గోరంత కూడా పెరగలేదు. ఒత్తిడి దిగిందని, ఉన్న చూపు నిలవొచ్చని, నిలుస్తుందని మాత్రం మాట ఇవ్వలేనని చెప్పి డాక్టరమ్మ వెళ్లిపోయింది. పెరగదని ముందే చెప్పారు. అయినా లోపల ఎక్కడో ఆశ పెట్టుకున్నాను.

మంచం అంచున కూర్చున్నాను. ఏడుపు దాచుకోవడానికి, కనిపించని నా భార్యను కేకేశాను: "ఏమే, ఏడున్నవ్? గుడ్డోడని ఇడిసిపెట్టి తల్లిగారింటికి పోయినవా?"

ఎడమ చీకట్లోంచి గొంతు వచ్చింది.

"పోతె మాత్రం నీకు కనవడ్తదా? గీడ్నే ఉన్న. లైటు గిటు తిప్పు."