వదిన తగ్గించిన ఉప్పు

పోయిన నెల ఉప్పల్‌లో ఒక క్లినిక్‌కి వెళ్లాను. ఒంట్లో బాగాలేక కాదు, యాభై నిండాయి కాబట్టి ఒకసారి అన్నీ చూపించుకొమ్మని మా ఆవిడ వెంటపడితే. డాక్టరు చిన్నమ్మాయి, మా పెద్దదానికంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. బీపీ, షుగరు చూసి, కాగితం మీద రాసుకుంటూ, "ఇంట్లో ఎవరికైనా మతిమరుపు జబ్బు వచ్చిందా అంకుల్?" అని అడిగింది. అంకుల్ అన్నందుకు కొంచెం నొచ్చుకున్నాను గానీ, మా అమ్మకి వచ్చిందని చెప్పాను. "మరి మీ అన్నదమ్ములకి?" మా అన్నకి అరవై రెండు. అంతకుముందు ఆదివారమే క్యారమ్స్‌లో నన్ను వరసగా మూడు బోర్డులు ఓడించి, ఎనిమిదో తరగతిలో నేను అతని సైకిలు చైను తెంపిన సంగతి కూడా అందరిముందూ గుర్తుచేశాడు. అదే చెప్పాను. ఆ అమ్మాయి నవ్వి, "ఆయనకి బీపీ లేదా?" అంది. ఉంది, పదహారేళ్ల నుంచి ఉంది. కాకపోతే ఆ బీపీకి పైన మా వదిన ఉంది.

మా వదిన భువనగిరి పక్క పల్లె పిల్ల. ఏడో తరగతితో బడి మానేసి, పంతొమ్మిదో ఏట నాచారంలో మా రెండు గదుల ఇంటికి కోడలిగా వచ్చింది. అప్పటికి నాన్న లేడు. అన్న పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో మిషన్ మీద పని. ఇంటికి పెద్ద అమ్మే. చుట్టాల్లో ఎవరి బిడ్డ ఏ నెలలో పుట్టింది, ఎవరి పెళ్లికి వాన పడింది, ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడరు, అన్నీ అమ్మ నోటిమీదే ఉండేవి. ఆమెకు నలభైల్లోనే బీపీ వచ్చింది. గోలీలు ఇచ్చారు. తల నొచ్చిన రోజు వేసుకునేది, నొయ్యని రోజు డబ్బాలో దాచేది. "నొస్తలేదు గదా, ఉత్తగ ఎందుకు మింగుడు?" అనేది. మాకూ అది సబబుగానే తోచేది. నొప్పి లేని జబ్బు మా ఇళ్లలో జబ్బు కింద లెక్కకు రాదు.

అరవై దాటాక ఒకరోజు పొడి వెయ్యకుండా చాయ్ పెట్టి, అందరికీ ఉత్త పాలు ఇచ్చింది. నవ్వుకున్నాం. తర్వాత ఇంటికొచ్చిన సొంత చెల్లెల్ని పట్టుకొని ఏ ఊరని అడిగింది. ఒకనాడు కొత్తిమీర తెస్తానని వెళ్లి మూడు గంటలైనా రాలేదు. నేను, అన్న చెరోవైపు స్కూటర్ల మీద తిరుగుతుంటే, నడుచుకుంటూ వెళ్లిన వదినకు మల్లాపూర్ దారిలో ఒక దర్జీ దుకాణం అరుగు మీద అమ్మ దొరికింది. ఇల్లు ఎటో తెలియక కూర్చుంది. తెలియట్లేదని చెప్పడానికి సిగ్గుపడుతోంది. వదిన కోప్పడలేదు, ఏడవలేదు. పక్కనే కూర్చుని, "నువ్వు గూడ అలసిపోయినవా అత్తమ్మా? నాకైతే కాళ్లు గుంజుతున్నయి. జరసేపు కూసొని పోదాం" అందట. ఆ దర్జీయే తర్వాత నాకు చెప్పాడు. అప్పటికి వదినకు నలభై ఏళ్లు. అమ్మ పోయేదాకా ఆమె వదినను గుర్తుపట్టిన రోజులకంటే పట్టని రోజులే ఎక్కువ. "నువ్వెవరి బిడ్డవమ్మా, మంచిగ చూసుకుంటున్నవ్" అనేది. "నీ బిడ్డనే" అనేది వదిన, అన్నం కలుపుతూ.

పెద్ద దవాఖానాలో అమ్మ తలకు స్కానింగ్ తీసినరోజు నేనూ ఉన్నాను. డాక్టరమ్మ పెద్దావిడ, మాటల్లో తొందర లేదు. ఫిల్మును వెలుతురుకు పట్టి, అక్కడక్కడా తెల్లగా ఉన్న చుక్కలు చూపించింది. "సన్న సన్న రక్తనాళాలు ఒక్కొక్కటి మూసుకపోయినయి. ఇవి మొన్న వచ్చినవి కావమ్మా. మీ అత్తమ్మ నలభై, నలభై ఐదేండ్లున్నప్పటి నుంచి బీపీ లోపల్లోపల చేసుకుంటూ వచ్చిన పని. గుండెకు ఏది చెడ్డదో తలకూ అదే చెడ్డది." అని, ఉన్నట్టుండి తలుపు దగ్గర నిలబడ్డ మా అన్న వైపు తిరిగి, "మీకెంత వయసు? ఎప్పుడైనా చూపించుకున్నారా?" అంది. అన్నకు నలభై ఆరు. "నాకేంది మేడమ్, రాయి లెక్క ఉన్న" అన్నాడు. ఆమె నవ్వకుండా అతని చేతికి బీపీ పట్టీ చుట్టింది. పైది నూట డెబ్బై దాటింది. అన్న మిషను మీద అనుమానపడ్డాడు. ఆమె ఇంకో మిషను తెప్పించింది. అది ఇంకాస్త ఎక్కువ చూపించింది. నేను వదిన ముఖం చూశాను. ఆమె కళ్లు మాత్రం ఆ తెల్ల చుక్కల మీదే ఉన్నాయి.

మా అన్నది చేతికీ నోటికీ అడ్డులేని తిండి. పచ్చడి లేనిదే ముద్ద దిగదు, మజ్జిగలో కూడా ఉప్పు కనబడాలి, భోజనమయ్యాక గోడకానుకొని సిగరెట్. ఇవన్నీ ఒక్కరోజులో మానెయ్యమంటే మర్నాటి నుంచి ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో తింటాడని వదినకు తెలుసు. అందుకని ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. పదిహేను రోజులకొకసారి కూరలో చిటికెడు ఉప్పు తగ్గించింది. తగ్గిన చోట నిమ్మకాయ పిండింది, నువ్వులు వేయించి పొడి చల్లింది, పుదీనా తుంచింది. అంత నెమ్మదిగా తగ్గించిందంటే, పెళ్లయి వేరే ఉంటున్నా వారానికి రెండుసార్లు ఆ ఇంట్లో తినే నాకు కూడా తెలియలేదు. వాళ్ల పై వాటాలో ఉండే ఒంగోలు పిన్నిగారు దాన్ని కనిపెట్టింది. ఒకరోజు భోజనానికి కూర్చుని రెండో ముద్దకే ఆగి, "మీ ఇంట్లో ఉప్పు కొనడం మానేశారా ఏమిటమ్మా?" అంది. అన్నకు రోషం వచ్చింది. "మా ఇంట్ల వంట ఎప్పుడూ గిట్లనే ఉంటది పిన్నిగారూ. మీ దిక్కువాళ్లకు ఉప్పెక్కువ" అన్నాడు. వదిన నీళ్ల చెంబు కోసమన్నట్టు వంటింట్లోకి వెళ్లి, కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ పిన్నిగారు ఏటా ఆప్యాయంగా పంపే ఆవకాయ జాడీని కూడా వదిన రెండు చేతులతో అందుకొని, అంతే ఆప్యాయంగా అంబర్‌పేట్‌లోని మా మేనమామ ఇంటికి పంపేసేది.

గోలీల దగ్గరే కథ అడ్డం తిరిగింది. రోజూ చాయ్ సాసరులో ఒక గోలీ పెట్టేది. అన్న తీసుకునేవాడు. రెండు నెలల తర్వాత బట్టలు ఉతుకుతుంటే చొక్కా జేబు అడుగున తడిసి పిండి అయిపోయిన గోలీలు దొరికాయి. ఒకటీ రెండూ కాదు. ఆ ఆదివారం నేను వెళ్లేసరికి ఆ చొక్కా తీగ మీద ఆరుతోంది, ఇంట్లో మాటలు లేవు. అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. అన్న బయటి నుంచి లోపలికి రాగానే అమ్మ తలెత్తి, "ఎవరు బిడ్డా? కరెంటు బిల్లుకు వచ్చినవా? మావోడు డ్యూటీకి పోయిండు, మాపటికి రా" అంది. అన్న అలవాటుగా నవ్వబోయాడు. వదిన నవ్వనివ్వలేదు.

"నవ్వకు" అంది. "రేపు గా కుర్చీల కూసునేది నువ్వే. అత్తమ్మకు చేస్తున్న, నీకు గూడ చేస్త. కడుగుత, తినిపిస్త, ఎంతైనా చేస్త. గని ఇరవై ఏండ్ల సంసారం చేసి, ఒకనాడు నా మొకం జూసి నువ్వెవరమ్మా అంటే మాత్రం నేను ఓర్వలేను. గదొక్కటి నాతోని కాదు."

"ఒక్కసారి మొదలువెడితే జన్మంతా మింగాలెనట" అన్నాడు అన్న, నేల చూపులు చూస్తూ.

"అన్నం గూడ జన్మంతనే తింటున్నవు గదా" అంది వదిన.

అన్న వంగి అమ్మ కాళ్ల మీది దుప్పటి సర్దాడు. తర్వాత వెళ్లి డబ్బాలోంచి గోలీ తీసి, నీళ్లు కూడా లేకుండా మింగేశాడు. ఆ తర్వాత జేబులో గోలీ దొరకలేదు. సిగరెట్ మానడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది, మధ్యలో రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు. పొద్దున్నే ఇద్దరూ చెరువు దిక్కు నడిచేవాళ్లు. వదిన గబగబా ముందు నడిచేది. అన్న కనిపించిన ప్రతివాడితో ముచ్చట పెట్టి వెనకబడేవాడు. అది కూడా మంచిదేనట, మనుషులతో మాట్లాడటం తలకు పని అని డాక్టరమ్మ చెబితే, ఆ ఒక్క వైద్యం మాత్రం అన్న మొదటిరోజు నుంచీ తప్పలేదు.

ఏడాది తిరిగాక అదే డాక్టరమ్మ అన్న బీపీ చూసి మెచ్చుకుని, "మరి నీదేదమ్మా?" అని వదినను అడిగింది. వదిన నవ్వి, "నాకెందుకు మేడమ్" అంది. అందరి గురించీ అంత ఫికరు పెట్టుకున్న మనిషి నలభై ఒక్కేళ్లలో ఒక్కసారి కూడా తన చెయ్యి చాపలేదు. పట్టీ చుట్టారు. ఏడాది కింద అన్నకున్న దానికంటే ఎక్కువ ఉంది. ఆమె ఆ కుర్చీలోనే కూర్చుండిపోయింది. "ఉప్పు తగ్గించిన, నడుస్తున్న, మరి నాకెట్ల వచ్చింది?" అని చిన్నపిల్లలా అడిగి, ఏడ్చేసింది. ఆమె ఏడవగా నేను చూసింది అదొక్కసారే. డాక్టరమ్మ ఆమె చెయ్యి వదలకుండానే, కొందరికి ఎంత చేసినా వస్తుందని, అరిగిపోయేంత చాకిరీ, నిద్రలేమి కూడా కారణాలేనని నెమ్మదిగా చెప్పింది. ఇంటికొచ్చాక అన్న తన షిఫ్టు మార్పించుకున్నాడు. మధ్యాహ్నాలు రెండు గంటలు అమ్మ దగ్గర తానే కూర్చునేవాడు. ఆ రెండు గంటలు వదిన తలుపేసుకొని నిద్రపోవాలని ఇంట్లో చట్టం చేశాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే వేలెత్తి చూపించేవాడు. పొద్దున ఆమె గోలీ ఆయన, ఆయన గోలీ ఆమె ఇచ్చుకునే అలవాటు అప్పుడు మొదలైందే.

మూడేళ్లకు అమ్మ పోయింది. చివరి వారం ఎవరినీ గుర్తుపట్టలేదు గానీ, వదిన చెయ్యి మాత్రం పట్టుకునే ఉంది. ఆ తర్వాత మెట్రో పిల్లర్లు లేచాయి, రోడ్డు పైనుంచి నడిచేందుకు స్కైవాక్ కట్టారు. అన్న రిటైరయ్యాడు. ఇప్పుడు పొద్దునపూట ఉప్పల్ దాకా వచ్చి ఇద్దరూ ఆ స్కైవాక్ మీద చుట్లు తిరుగుతున్నారు. వదినకు యాభై ఆరు. ఈమధ్య ఫోనులో ఇంగ్లిషు నేర్చుకుంటోంది, నేను తప్పు మాట్లాడితే దిద్దుతోంది కూడా. ఇదంతా గోలీల వల్లనా, ఉప్పు వల్లనా, అదృష్టం వల్లనా అంటే నేను చెప్పలేను. గ్యారంటీ ఏమీ లేదని, జబ్బు వచ్చే అవకాశం తగ్గుతుందంతేనని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. వదినకూ ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా పదహారేళ్లు ఒక్క పూట తప్పకుండా చేసింది, అదే నాకు గొప్పగా కనిపిస్తుంది. ముసలితనం ఎక్కడో దూరాన కూర్చుని మనకోసం ఎదురుచూస్తుందని అనుకుంటాం. కానీ అది మనం తీరిక లేదనుకుంటూ గడిపేసిన నడివయసు పొద్దుల్లోనే, మన చేతుల మీదుగానే, రోజుకింత తయారవుతూ ఉంటుంది.