కొండెక్కని దీపం

పోయిన ఏడు పాలు పితకబోయి కొట్టంలో జారిపడినప్పటి నుంచి మా అవ్వ తనంతట తాను మంచం దిగలేదు. తుంటికి ఆపరేషన్ అయింది. పుంగనూరులో మా ఇంట్లో ఆమె గది స్విచ్చు తలుపు పక్కన, మంచానికి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. ఆ నాలుగడుగుల కోసం రోజూ ఎవరినో ఒకరిని పిలవాలి. పిలవడం ఆమెకు చిన్నతనం. పొద్దు గూకినా చీకట్లోనే కూర్చునేది. అమ్మ చూసి కోప్పడేది.

ఎవరినైనా ఏదైనా అడగాలంటే నాకూ నోరు పెగలదు. అందుకేనేమో ఆమె కష్టం నాకు తొందరగా అర్థమైంది. కుప్పంలో చదివేటప్పుడు ల్యాబులో బోర్డులకు వైర్లు అతికించడం నేర్చుకున్నాను. మాట విని లైటు వేసే స్విచ్చు చేద్దామనుకున్నాను. కావలసిన సామాన్ల పేర్లు కాగితం మీద రాసుకుని మదనపల్లెకు బస్సెక్కాను. షాపతనికి ఆ కాగితమే చేతికిచ్చాను. ఒక్క మాటా మాట్లాడకుండా మాటలు వినే బోర్డు కొనుక్కొచ్చానని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

ఆ బోర్డుకు ఒక్కో మాటా మూడేసిసార్లు చెప్పి నేర్పాలి. నేర్పిన గొంతునే అది గుర్తుపడుతుంది. ముందు నా గొంతుతో చూశాను. పలకలేదు.

"నీ మాట నీకే ఇనపడదు పాపా, దానికేం ఇనపడతాది?" అంది అవ్వ మంచం మీది నుంచి.

సరేనని ఆమె చేతే పలికించాను. "లైటెయ్యి" అని హుషారుగా చెప్పింది. "లైటు ఆర్పు" అనమంటే మాత్రం నసిగింది. బతిమాలితే మూడుసార్లు గొణిగింది. మెయిన్ ఆపి వైర్లు కలిపాను. సందెవేళ ఆమె మాటకు టక్కున లైటు వెలిగింది. ఎప్పటిలాగే దానికి కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

వెలిగింది సరే, ఆరితేగా. ఆ తర్వాత మూడు రోజులూ రాత్రి అన్నాలు తిన్నాక చూస్తే లైటు వెలుగుతూనే ఉంది, ఆమె కళ్ల మీద కొంగు కప్పుకుని పడుకుని ఉంది. అమ్మే వెళ్లి స్విచ్చు నొక్కేది. నేను బోర్డు పాడైందనుకుని రెండుసార్లు విప్పాను, వైర్లు మార్చాను. చివరికి నా ఎదురుగా ఒకసారి ఆ మాట అనమని అవ్వను అడిగాను. ఆమె గోడవైపు తిరిగింది.

"సందేళ దండం పెట్టుకున్న దీపాన్ని ఆర్పమని యాల చెప్పిస్తావు పాపా? నువ్వడిగినావని మూడుమాట్లు అంటి. దినామూ అనమంటే నాకి నోరు రాదు."

బోర్డులో ఏ లోపమూ లేదు. అవ్వ ఆ మాట అనడమే లేదు. నూనె దీపమైనా కరెంటు బల్బైనా ఆమె ఏనాడూ ఆర్పమనలేదు, కొండెక్కించమనేది. అది చిన్నప్పటి నుంచీ వింటున్నదాన్ని. అయినా తను ఏమంటుందో ఒక్కసారి అడగకుండా నా మాట ఆమె నోట్లో పెట్టాను.

"నువ్వేమంటావో అదే చెప్పు అవ్వా," అన్నాను, పాత మాట చెరిపేసి.

గొంతు సవరించుకుంది. "కొండెక్కు తల్లీ," అంది. మూడుసార్లూ ఎక్కడా తడబడలేదు.

మర్నాడు అన్నాలయ్యాక నేను వసారాలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. చదవడం లేదు, చెవులు ఆ గదివైపే ఉన్నాయి. అలవాటుగా అమ్మ స్విచ్చు నొక్కడానికి బయల్దేరింది. ఆమె గడప చేరేలోపే లోపల టక్కుమంది. గది చీకటైంది.

"యాలమ్మా వచ్చినావు?" అంది అవ్వ గొంతు ఆ చీకట్లోంచి. "నేను పిలవలేదే."