కూలి మాట తుడిచేసిన పలక

ఇవాళ మనవరాలు తడిగుడ్డతో పలక తుడుస్తుంటే ఆ రాతివాసన ముక్కుకు తగిలింది. ఏళ్ళ తరబడి పలకల మధ్యే బతికిన పంతులమ్మను, నాకు బడి గుర్తు రావాలి. రాదు. మార్కాపురంలో, చూపు మందగించిన రంగయ్య ప్లీడరుగారి వసారా గుర్తొస్తుంది.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు. నేను మిషను బడిలో టీచరును. సాయంత్రాలు ఆయనకు ఇంగ్లీషు కాగితాలు చదివిపెట్టేదాన్ని. రాజ్యాంగం ముసాయిదా అచ్చువేసి, సూచనలు పంపమన్నారు. ఆయన అందులో వెట్టిచాకిరీని నిషేధించే ఒక్క అధికరణాన్ని పట్టుకున్నారు. బానిసత్వాన్ని రూపుమాపుతామని మన దేశం అంతకుముందే ఇతర దేశాలతో చేసుకున్న ఒడంబడిక ఒకటుంది. దానికి ఇది సరిపోతుందో లేదో చూడాలన్నారు. "మనూళ్ళో పలకలకేం కరువు?" అంటూ రెండు పెద్ద పలకలు తెప్పించారు. ఒకదాని మీద ఒడంబడిక, రెండోదాని మీద ముసాయిదా రాయాలి. కలిసిన మాటల్ని రెండింటిలోనూ తుడిచెయ్యాలి. చివరికి మిగిలినదాని గురించే ఢిల్లీకి ఉత్తరం. ప్లీడరు బుర్ర అంటే అదీ.

నిజానికి ఆ పని మీద ఆయనకంటే నాకే ఎక్కువ ఆశ ఉండాలి. మా నాయన కూలిమనిషి. మా పల్లెలో అధికారి మకాం వేస్తే చాలు, కబురొచ్చేది. పొలంపని మానుకుని, ఆ అధికారి సామానంతా నెత్తిన పెట్టుకుని దొనకొండ స్టేషను దాకా నడిచేవాడు. ప్రజావసరాలకు సర్కారు చాకిరీ చేయించుకోవచ్చని రెండు కాగితాల్లోనూ ఉంది. కలిసింది కదా అని రెండు పలకలూ తుడిచేశాను.

"ఏమీ మిగల్లేదండీ" అన్నాను.

"ఒడంబడికలో ఆ వాక్యం మళ్ళా చదువమ్మా. చివరిదాకా."

కాగితం తీసి చదివాను. అలాంటి చాకిరీకి తగిన కూలి ఇవ్వాలని చివర ఉంది. ముసాయిదాలో ఆ మాటే లేదు.

"ఏమైంది, ఇంతసేపూ కనపడలేదే?"

"నేనే తుడిచినానండీ. కంటికి ఆనలేదు. మా నాయనకు ఎప్పుడూ ఇచ్చినోళ్ళు లేరు."

కోప్పడతారనుకున్నాను. ఆయన నా చేతిలోని తడిగుడ్డ తీసి పక్కన పెట్టారు. "మళ్ళా రాయి తల్లీ. పెద్దగా రాయి, నాకూ కనపడాల" అన్నారు. ఆ గొంతులో ఉన్న దయ నాకింకా వినిపిస్తుంది.

ఉత్తరం పంపాం. జవాబు లేదు. రాజ్యాంగం పుస్తకం చేతికొచ్చాక వెతికాను. కూలి మాట లేదు. నాకు ఏడుపాగలేదు. "ఈసారి తుడిచింది నువ్వు కాదులేమ్మా" అన్నారు ప్లీడరుగారు. "ఉత్తరం నకలుంది గదా. మీ నాయనకు చదివి వినిపించు."

వినిపించాను. మళ్ళీ కబురొచ్చిన రోజు నాయన తలగుడ్డ చుట్టుకుంటూ, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అడగనిది అడిగాడు.

"కూలెంత ఇస్తారు?"

"ఎవరు నేర్పినారు నీకీ మాట?" అన్నాడు వచ్చినవాడు.

"మా బిడ్డ చదివింది."

అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నాయన ఆ రోజు పొలానికే పోయాడు. ఈ సంగతి చెబితే ప్లీడరుగారు నాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఆయన పోయి చాలాకాలమైంది. మనవరాలు గుడ్డతో మళ్ళీ పలక మీదికి వంగింది. దాని చెయ్యి పట్టుకుని ఆపాను.

"చివరిదాకా చదివి తుడువమ్మా" అన్నాను.