పాత అడ్రస్

మొన్న మా తెలుగు సంఘం వాళ్లు ఫోన్ చేశారు. ఈ ఏడు డిగ్రీ పాసైన పిల్లలకు సన్మానం చేస్తున్నారట, వచ్చి ఉద్యోగం ఎలా వెతుక్కోవాలో నాలుగు మాటలు చెప్పమన్నారు. రానన్నాను. ఎందుకని అడిగితే కుదరదని పెట్టేశాను. నిజంగా వెళ్లి, నా మనసులో ఉన్న నాలుగు మాటలు చెబితే ఆ హాల్లో కుర్చీలు లేస్తాయి.

నేను పాసైన ఏడు కూడా అదే హాలు. అతిథులకు శాలువాలు, మాకు తలా ఒక పెన్ను. అప్పటికే కాలేజీ వాళ్లు సలహాలతో మా కడుపు నింపేశారు. ఇంటర్వ్యూలో కళ్లలోకి చూసి మాట్లాడాలి. అద్దం ముందు నిలబడి నవ్వడం అలవాటు చేసుకోవాలి. నీలో ఉన్న లోపం ఏమిటని అడిగితే, పనిలో పడితే టైమే తెలియదని చెప్పాలి. మా బాపు రోజుకు పన్నెండు గంటలు సాంచెల దగ్గర నిలబడతాడు. సాంచె అంటే మరమగ్గం. శాంతి నగర్‌లో మా ఒంటిగది ఖోలీ కిందే కార్ఖానా, అందులో ఆరు సాంచెలు ఆయన చూసుకోవాలి. పనిలో పడితే టైమ్ తెలియకపోవడం లోపమో గొప్పో ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఆ రోజు ముఖ్య అతిథి మావాడే. మా మరమగ్గాల ఊరు భివండిలోనే పుట్టి, ముంబైలో పెద్ద ఆఫీసులో కుదురుకుని, అక్కడే ఫ్లాటు కొనుక్కున్నవాడు. మైకు పట్టుకుని, ఇది ఏ పుస్తకంలోనూ ఉండదని ఊరించి చెప్పాడు.

“భివండి అని రాయకుండ్రి. థానేల చుట్టాలుంటే వాళ్ల అడ్రస్ రాయుండ్రి. భివండి అని కనపడంగనే కాయితం పక్కకు పోతది. నాకెట్ల ఎర్క అంటరా? మా ఆఫీసుల ఆ కాయితాలు చూసేది నేనే. నేనే పక్కకు పెడ్త.”

హాలంతా నవ్వారు. చప్పట్లు కొట్టారు. మా బాపు నా పక్కనే కూర్చుని ఉన్నాడు, ఆయనా కొట్టాడు. వేదిక మీద శాలువా కప్పుకున్న ఆ మనిషి మన ఊరి పేరు చూసి మన పిల్లల కాగితాలు పక్కన పడేస్తున్నానని మన మొహం మీదే చెబుతున్నాడు, మనమేమో చప్పట్లు కొడుతున్నాం. ఒక్కరూ లేచి, నువ్వెందుకు పెడుతున్నావయ్యా అని అడగలేదు. నేనూ అడగలేదు. పెన్ను తీసుకుని ఇంటికొచ్చాను.

అయినా పంతం పట్టి అసలు అడ్రసే రాశాను. నాలుగు నెలల్లో మూడు ఫోన్లు వచ్చాయి. మూడూ మా ఊరి పక్క గోదాముల నుంచే, రెండు కాల్హేర్‌వి, ఒకటి పూర్ణది. బీకాం ఫస్ట్ క్లాస్ అంటే, మంచిది, డబ్బాల మీద స్టిక్కర్లు స్కాన్ చేసే దగ్గర పెడతామన్నారు. రోజంతా నిలబడాలి, కూర్చోవడానికి వీల్లేదు. గోదాము పనిని నేను తక్కువ చేయడం లేదు, మా వీధిలో సగం ఇళ్లు దాని మీదే బతుకుతున్నాయి. కానీ నేను చదివిన చదువును ఎవరూ చదవకుండానే, నా పిన్ కోడ్ చదివి నాకు పని చూపిస్తున్నారు.

ఐదో నెలలో నా పంతం సడలింది. రెజ్యూమేలో అడ్రస్ చెరిపి థానేలో మా చిన్నాయన వాళ్లది పెట్టాను. ఇంకొక్క అక్షరం కూడా మార్చలేదు. పది రోజుల్లో నాలుగు చోట్ల నుంచి పిలుపొచ్చింది. ఆ సలహా అబద్ధమైతే ఆ మనిషిని మర్చిపోయేదాన్ని. అది నిజమైంది, అందుకే ఇప్పటికీ ఆయన పేరు వింటే ఒళ్లు మండుతుంది.

థానేలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసు. క్లెయిముల కాగితాలు సరిచూసే పని. ఇంటర్వ్యూలో పెద్దాయన నా మార్కులు చూసి తలూపాడు. ఇంటి నుంచి ఎంతసేపని అడిగాడు. ఆటోలో పది నిమిషాలన్నాను. ఆ పొద్దున భివండి నుంచి లారీల మధ్య బస్సులో నిలబడి, గంటన్నర ప్రయాణం చేసి వచ్చాను. ఆధార్‌లో భివండి ఉందేమని అడిగాడు.

“అది పాత అడ్రస్ సార్. అక్కడ ఇప్పుడు మావాళ్లెవరూ లేరు.”

ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట. అద్దం ముందు అలవాటు చేసుకున్న నవ్వు కూడా దానితోపాటే వచ్చింది. ఉద్యోగం ఖాయమని, ఇల్లు చూసిపోవడానికి మనిషి వస్తాడని, అతని రిపోర్టు రాగానే చేరవచ్చని చెప్పారు. ఉద్యోగం వచ్చిందని బాపుకు చెప్పాను. అడ్రస్ సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ మనిషి వచ్చే రోజు పొద్దున్నే చిన్నాయన ఇంటికి వెళ్లి, ఇంట్లో వేసుకునే డ్రెస్సు వేసుకుని, సొంతింట్లో ఉన్నట్టే సోఫాలో కూర్చున్నాను. చిన్నమ్మ నా తువ్వాలు కూడా బాల్కనీలో ఆరేసింది. మధ్యాహ్నం అతను బైకు మీద వచ్చాడు, ఫోటో తీసుకున్నాడు. ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుందా అని అడిగితే చిన్నమ్మ తడుముకోకుండా జవాబు చెప్పింది. అంతా అయిపోయిందనుకున్నాను. అతను చెప్పులు వేసుకుంటూ, ఆధార్‌లో ఉన్న అడ్రస్ కూడా ఒకసారి చూడాలి, మా రూలు అన్నాడు.

అతను లిఫ్టు ఎక్కగానే బాపుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. సాంచెలు నడుస్తుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు, జేబులో ఫోన్ ఏం వినపడుతుంది? అమ్మ ఆ వారం మా అక్క దగ్గరికి వెళ్లింది. బస్సులో కూర్చుని తొమ్మిదిసార్లు చేశాను. నదీ వంతెన దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు.

నేను గల్లీలోకి వచ్చేసరికి సాయంత్రం నాలుగయింది. బాపు కార్ఖానా ముందు, ఒంటి మీద దూది పొట్టుతో నిలబడి ఉన్నాడు. ఆయన మొహం చూడగానే నాకు అర్థమైంది. అంత సంతోషంగా ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

“నీ కంపెనోళ్ల మనిషి అచ్చిండు బిడ్డా! ఆరు సాంచెలు బందు పెట్టి బయటికచ్చిన. గీ పిల్ల ఎక్కడుంటదని అడిగిండు. పుట్టినకాడికెళ్లి గీ ఖోలీలనే ఉంటది, ఇయ్యాల పొద్దుగాల గుడ గీడికెళ్లే పోయిందని చెప్పిన. నమ్మడేమోనని పక్కింటామెను పిలిచి చెప్పిచ్చిన. కటింగ్ చాయ్ గుడ తాపిచ్చిన. కాయితం మీద సంతకం పెట్టుమన్నడు. తెలుగుల పెట్టిన, ఏం గాదు గదా?”

“నిన్నెవరు చెప్పుమన్నరు గవన్నీ?” అని గట్టిగా అరిచాను. గల్లీలో వాళ్లు తిరిగి చూశారు. అలసిపోయి వచ్చాననుకుని ఆయన నా చేతిలోంచి సంచి తీసుకున్నాడు.

మెయిల్ మూడో రోజు వచ్చింది. చిరునామా విషయంలో తప్పుడు సమాచారం ఇచ్చినందున నియామకం రద్దు చేస్తున్నామని రాశారు. ఆ మూడు రోజులూ బాపు, మా బిడ్డ ఆఫీసుకు పోబోతుందని చాయ్ దుకాణంలో, కార్ఖానాలో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఇక దాచలేక, అన్నం తింటున్న ఆయన ముందు కూర్చుని ఉద్యోగం పోయిందని చెప్పాను.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది.

“నేనేమన్న తక్కువ చెప్పిన్నా బిడ్డా?”

“నువ్వు అన్ని నిజమే చెప్పినవ్ బాపూ. నేనే థానేల ఉంటనని రాసిన. ఈడ మనోళ్లెవ్వరు లేరని చెప్పిన.”

తిడతాడనుకున్నాను. ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఇంట్లో తనని లేకుండా చేసింది కన్న కూతురు. తిట్టాలి కదా? కంచం విసిరినా నేను ఏమీ అనేదాన్ని కాదు. ఆయన తన వల్ల జరిగిన పొరపాటు ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు నా వైపు చూశాడు.

“ముందుగాల నాతోని ఒక్క మాట అంటే అయిపోవు గద బిడ్డా,” అన్నాడు. “గా పిల్లెవరో మాకు తెల్వదంటుంటి.”