వరండాలో పాద పరిచర్య

మా పిన్ని ఎంత నిస్వార్థపరురాలో రేపల్లెలో వాళ్ళ చర్చి మొత్తానికీ తెలుసు. తెలియకుండా ఉండే అవకాశం ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు.

రెండువేల మూడు, నాలుగు ప్రాంతంలో నేను తెనాలిలో టీచరుగా చేస్తూ అప్పుడప్పుడూ ఆదివారం ప్యాసింజరు బండిలో పిన్ని ఇంటికి వెళ్ళేదాన్ని. బాబాయి పోయాడు, పిల్లల్లేరు. మిగిలింది ఆవిడా, పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన వాళ్ళ అత్తగారూ. ఆ పెద్దావిడను నేను మామ్మ అనేదాన్ని.

చర్చిలో మొదటి గంట కొట్టగానే పిన్ని మామ్మను కుర్చీతో సహా వరండాలోకి ఈడ్చుకొచ్చి, ఇత్తడి పళ్ళెంలో కాళ్ళు పెట్టించి కడిగేది. లోపల బాత్రూము ఉంది. అక్కడ కడిగితే రోడ్డు మీద పోయేవాళ్ళకు కనపడదు. డిసెంబరు చలిలోనూ చన్నీళ్ళే. నీళ్ళు కాగేలోపు జనం వెళ్ళిపోరూ మరి. "ప్రభువు కడగలేదా శిష్యుల కాళ్ళు?" అనేది, గేటు దాకా వినపడేట్టు. ప్రభువు కడిగింది మేడగదిలో, దారిన పోయేవాళ్ళు చూడని చోట. ఆ సంగతి ఆవిడ బైబిల్లో లేదు కాబోలు.

పాస్టరుగారు మరీను. మనుషుల్లో నిజమైన నిస్వార్థం లేదు, సిలువ మీదే చూడాలి అని ప్రసంగం మొదలుపెట్టి, "అయినా మన సంఘంలో ఒకరున్నారు" అని ముగించేవారు. పిన్ని తల వంచుకునేది. ఆ వంచుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒక ఈస్టరు తర్వాత మామ్మ కూతురు బాపట్ల నుంచి కారు మాట్లాడుకుని వచ్చింది, తల్లిని తీసుకెళ్ళి తన దగ్గరే ఉంచుకుంటానని. మామ్మ మొహం వెలిగిపోయింది. కూతురి దగ్గరికి వెళ్ళాలని ఎన్నాళ్ళుగానో నా దగ్గర గొణుగుతూనే ఉంది. పిన్ని మాత్రం ఏడుపు అందుకుంది.

"ఇన్నేళ్ళు చేశాను గదా వదినా. ఇప్పుడు పంపిస్తే సంఘంలో ఏమనుకుంటారు? చూడలేక వదిలించుకుందనరూ?"

భారం తీరుతోందని ఊపిరి పీల్చుకోవలసిన మనిషి, సొత్తేదో దొంగలెత్తుకుపోతున్నట్టు ఏడ్చింది. ఇదేనా నీ సేవ అని అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది.

మామ్మ కోడలి వంక చాలాసేపు చూసింది.

"నేను రాన్లేవే అమ్మాయ్. నాకిక్కడే బాగుంది," అంది కూతురితో.

కూతురు బతిమాలింది, కోప్పడింది, చివరికి ఒక్కతే కారెక్కింది.

మామ్మను మంచం మీదికి చేర్చాక అడిగాను. "ఏంటి మామ్మా, అంత వెళ్ళాలని ఉండి?"

"మొగుడు లేడు, పిల్లాజెల్లా లేరు. నేనూ పోతే ఆదివారం దాని మొహం ఎవరు చూస్తారే?" అంది. "పోనీలే, నాకు పోయేదేముంది. కాసేపు కాళ్ళు చల్లబడతయ్యి, అంతేగా."

ఆ వానాకాలంలోనే మామ్మ పోయింది. సమాధి దగ్గర పాస్టరుగారు చెప్పిందంతా పిన్ని సేవ గురించే. మామ్మ గురించి చెప్పింది, ఆవిడ పుట్టిల్లు చెరుకుపల్లి అని మాత్రమే. పిన్ని మళ్ళీ తల వంచుకుంది.

బాపట్ల కూతురు నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మ కోసమని ముందు గది ఖాళీ చేయించి, కిటికీ పక్కన మంచం వేయించానమ్మా. నా దగ్గర ఉండటం అమ్మకి ఇష్టం లేకపోయింది. నేనేం తప్పు చేశానో చెప్పనన్నా చెప్పలేదు."

జవాబు నాకు తెలుసు. అది వినవలసిన రెండో మనిషి, పిన్ని, నా పక్కనే నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. ఆ క్షణంలో పిన్ని మీద వేసినంత అసహ్యం నాకు ఇంకెవరి మీదా వేయలేదు. అయినా నోరు విప్పలేదు.