మడతలో వదిలిన గుడ్డ

మెళ్ళో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది కనక వీధిలో అందరూ ఆవిడని టేపక్క అంటారు. కొత్త బట్టలు కుట్టదు. బిగువైనవి వదులు చేయడం, వదులైనవి బిగించడం, జిప్పులు మార్చడం, అదే ఆవిడ బతుకుతెరువు. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు మొహం కాదు, నడుము చూస్తుంది. "బాగా ఒళ్ళు చేశావే" అని మొహం మీదే అనేస్తుంది. ఎవరూ ఏమీ అనుకోరు.

కిటికీ పక్కన స్టూలు మీద ఆవిడ తమ్ముడు కూర్చుంటాడు. ఒకప్పుడు కాజాలన్నీ అతనే చేత్తో కుట్టేవాడు. దారం ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో వెతికినా దొరికేది కాదు. మీసాలొచ్చిన కొత్తల్లో స్కిజోఫ్రెనియా వచ్చింది. గోడల్లోంచి ఎవరో తిడుతున్నారంటూ సూది వదిలేసి వీధిలోకి పరుగెత్తేవాడు. డాక్టరమ్మ ఇచ్చిన బిళ్ళలు ఆ గొంతుల నోరు మూయించాయి. పనిలో పనిగా చేతులకి వణుకు, ఒంటికి లావు, కళ్ళకి మబ్బు తెచ్చాయి. ఇప్పుడు రంగులవారీగా గుండీలు ఏరి డబ్బాల్లో వేస్తుంటాడు.

ఫోటో స్టూడియో నడిపే ఆవిడ టేపక్కకి ఆస్పత్రి బెంచీ మీద పరిచయం. ఆవిడ కొడుక్కీ అదే జబ్బు. వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. "మావాడు టీవీ పగలగొట్టాడు వదినా" అని ఆవిడంటే, "మావాడు పగలంతా నిద్రే" అని ఈవిడనేది. కష్టాలు సమంగా ఉన్నన్నాళ్ళూ ఆ స్నేహానికి ఢోకా లేదు. కొత్త మందొకటి వచ్చి మధ్యలో పడింది.

ఆస్పత్రిలో దాని క్లినికల్ ట్రయల్ మొదలైంది. పాత బిళ్ళల దారిలో కాకుండా మెదడులో వేరే దారిన పనిచేస్తుందట. అందుకని చేతులు వణకవని, ఒళ్ళు పెరగదని ఆశ. "ఆశే, ఇంకా తేలలేదు" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త బిళ్ళ. ఎవరికేది పడిందో వేసుకునేవాళ్ళకీ తెలీదు, ఇచ్చేవాళ్ళకీ తెలీదు. టేపక్క చెవికి 'చేతులు వణకవు' అన్న ముక్క తప్ప ఇంకేమీ ఎక్కలేదు.

వదిన కొడుకుని తీసుకున్నారు. తమ్ముణ్ణి తీసుకోలేదు.

"మీవాడికి పాత మందు పనిచేస్తోంది కదమ్మా. దానికి లొంగని వాళ్ళకే ఇది" అంది డాక్టరమ్మ.

"అయితే కుదురుగా ఉండడమే మావాడి తప్పా?"

అప్పట్నించీ వదిన పేరు వింటేనే టేపక్కకి ఒళ్ళు మండేది. టీవీ పగలగొట్టినవాడికి కొత్త మందట, నోరెత్తకుండా గుండీలు ఏరేవాడికి వణుకట.

కొన్ని వారాల తర్వాత వదిన కొడుకుని వెంటబెట్టుకుని ప్యాంటు తెచ్చింది. "జారిపోతోంది, కాస్త బిగించు వదినా."

టేపక్క అతని నడుముకి టేపు చుట్టింది. పాత కొలత ఆవిడకి గుర్తే. నడుము బాగా తగ్గింది. ఇంకేముంది, అసలు మందే పడింది.

"అదృష్టమంటే నీదే వదినా" అంది, గుండుసూది పంటికింద పెట్టుకుని.

వదిన ఏదో చెప్పబోయి, కొడుకు వైపు చూసి ఆగిపోయింది. కలిసొచ్చినవాళ్ళ బింకం అనుకుంది టేపక్క.

"ఎప్పుడు రమ్మంటావు?"

"చేతినిండా పనుంది. చూద్దాం."

వాళ్ళు వెళ్ళగానే ప్యాంటుని బట్టల కుప్ప అడుగున తోసింది. ఆ కుప్పలో ఉన్నది ఒక దుప్పటీ, దిండు గలీబులూ.

"ఒరేయ్, వచ్చే వారం ఆస్పత్రిలో నీకు మళ్ళీ గొంతులు వినబడుతున్నాయని చెప్పు" అంది తమ్ముడితో.

"వినబడట్లేదుగా."

"తెలుసులే. అలా చెప్తే నీకూ కొత్త మందిస్తారు. మళ్ళీ కాజాలు కుట్టుకోవచ్చు."

"ఆ గొంతులవాళ్ళ ఊసెత్తకక్కా. పిలిచామనుకుని వచ్చేస్తారు. వాళ్ళకి మనిల్లు తెలుసు."

"పోనీ ఆ బిళ్ళలు నాలుగు రోజులు మానేద్దాం. అప్పుడు అబద్ధం చెప్పే పనే ఉండదు."

తమ్ముడు చేతిలో గుండీని ఏ డబ్బాలోనూ వేయకుండా పట్టుకుని కూర్చున్నాడు. "నన్ను చంపేస్తానని వాళ్ళు నీ గొంతుతోనే అనేవాళ్ళక్కా. ఇప్పుడు నీ గొంతు నీ ఒక్కదానిదే."

అయినా మర్నాడు మధ్యాహ్నం టేపక్క బిళ్ళ తీసింది, ఇవ్వలేదు. గుప్పిట్లోనే ఉంచుకుంది. అలా నిలబడి ఉండగానే వదిన వచ్చింది, ఒక్కతే.

"ప్యాంటు కోసం కాదులే" అంటూ గుమ్మంలోనే కూలబడింది. "నిన్న వాడి ముందు చెప్పలేకపోయాను. వాడు తినట్లేదు వదినా. తిండిలో నేనేదో కలుపుతున్నానట. ఉత్త బిళ్ళ పడిందో, మందే పడట్లేదో. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే సాయంత్రం తీసుకురమ్మంది."

ముందు టేపక్క గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ తర్వాత తన మీద తనకే రోత పుట్టింది.

వదిన కిటికీ వైపు చూస్తోంది. "నీ తమ్ముడు ఎంత కుదురుగా కూర్చుంటాడో. ఎన్నాళ్ళుగానో నీ మీద ఏడుస్తున్నాను."

"నా మీదా?"

"మరెవరి మీద? నువ్వు పెట్టింది తింటాడు, నువ్వు చెప్పింది నమ్ముతాడు."

టేపక్క చెమటకి తడిసిన బిళ్ళని గుప్పిట్లోంచి తీసి పక్కన పడేసింది. ఇంకోటి తీసి, గ్లాసు నీళ్ళతో తమ్ముడి చేతికిచ్చి, మింగేదాకా పక్కనే నిలబడింది. కుప్ప అడుగునించి ప్యాంటు లాగింది. వెనక కుట్టు విప్పి, నడుము మడిచింది. మిగిలిన గుడ్డ కత్తిరించడానికి కత్తెర అందుకుంది గానీ కత్తిరించలేదు. గుడ్డని లోపలికే మడిచి, సూదిలో దారం ఎక్కించి తమ్ముడికిచ్చింది.

"మిషన్ కుట్టు వద్దురా. చేత్తో పొడుగు కుట్లు వెయ్యి."

సూది వణుకుతూ గుడ్డలో దిగింది. చాలాసేపటికి, "వంకరగా వస్తున్నాయక్కా" అన్నాడు.

"రానీ బాబూ" అంది వదిన. "వాడు మళ్ళీ తినడం మొదలెడితే విప్పాల్సినవేగా."

"ఈ ట్రయల్ అయిపోయాక ఆ మందు అందరికీ ఇస్తారంటావా?" అనడిగింది టేపక్క, తమ్ముడి వేళ్ళ మీంచి చూపు తిప్పకుండా.

"పనిచేస్తే" అంది వదిన.