చింతపిక్క రంగు

మా బావ శేషగిరి రాగి నాణేన్ని అంచులతో పట్టుకుని, కిటికీ వెలుతురులో ఒక్కసారి అటూ ఇటూ తిప్పి, అది నలభై ఏళ్ళు ఎక్కడ ఉండి వచ్చిందో చెప్పేస్తాడు. మొలతాడుకి కట్టినదైతే ఒంటి చెమటకి ఒక రంగు వస్తుందట. దేవుడి గూట్లో దీపం పక్కన ఉన్నదానికి ఇంకో రంగు. నౌపడ ఉప్పుమడుల దగ్గరి ఇళ్ళల్లోంచి వచ్చినదాని మీద ఆకుపచ్చ చిలుం చుక్కలుంటాయి. ఆయన చెబుతుంటే వినడానికి ఒకప్పుడు సరదాగానే ఉండేది. ఇప్పుడు ఆ కళ్ళ సంగతి తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. అదే ఇంట్లో, అదే కిటికీ పక్కన, మా అక్క వైదేహి ముఖం రంగు మారుతూ వచ్చింది. ఆయన చూడలేదు.

బావ ఉద్దానంలో లెక్కల మేష్టారు. పలాస నుంచి సముద్రం వైపు వెళితే జీడితోటల మధ్య వచ్చే ఒక ఊళ్ళో పాతికేళ్ళు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక అక్కడే ఉండిపోయాడు. టెక్కలిలో మా పక్క వాటా ఖాళీగా ఉంది, వచ్చెయ్యండని రెండేళ్ళు పోరాను. అక్కడి జబ్బంటే నాకు భయం. ఆ ఊళ్ళో మనిషికి మనిషి ఎదురైతే, బాగున్నావా అన్న వెంటనే క్రియాటినిన్ ఎంత ఉందని అడుగుతారు. రక్తపరీక్షలో ఆ అంకె పెరిగిందంటే కిడ్నీలు పాడవుతున్నట్టు. బావ వాళ్ళ వీధిలోనే నాలుగిళ్ళకి తాళాలు పడ్డాయి.

"నాణేలు దొరికేది ఇక్కడరా ఉదయ్. టెక్కలి వచ్చి ఏం ఏరుకోమంటావు?" అనేవాడు బావ. అక్క నవ్వి ఊరుకునేది. ఆయన ఎటంటే ఆవిడా అటే.

ఆయన దగ్గర మూడు చెక్కపెట్టెలున్నాయి. ఒళ్ళంతా ఒకే తీరుగా నిగనిగలాడే ముదురు గోధుమరంగు వచ్చినవి మొదటి పెట్టెలో. వాటికి ఆయన పెట్టుకున్న పేరు చింతపిక్క. రంగు మాసి, మచ్చలు పడ్డవి జీడిపిక్క. ఇంకా ఎర్రదనం పోనివి బెల్లం. ఈ మూడూ కాక దొంగరంగువి కూడా వచ్చేవి. జీడిపిక్కల పొగ పట్టించి నలుపు తెప్పించేవాళ్ళు కొందరు. బావ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి వెనక్కిచ్చేసేవాడు. తోమి తెచ్చినవాటినైతే ముట్టుకునేవాడు కాదు.

"రాగికి రంగు దానంతటదే రావాలి. వయసుతో వచ్చేదాన్ని వదిలెయ్యాలి. మనం చెయ్యి పెట్టకూడదు" అనేవాడు. ఈ మాట నేను వందసార్లు విని ఉంటాను.

పోయిన వేసవిలో నేను అక్కడ ఉండగా చిన్నారావు వచ్చాడు. సంతబొమ్మాళి వైపు సముద్రపొడ్డున ఉంటాడు, చేపల వేట. వాళ్ళ తాతల నాటి పెట్టెలో దొరికిందని గుడ్డముక్క విప్పాడు. కంపెనీ వారి పావు అణా, పద్ధెనిమిది వందల ముప్పై అయిదు నాటిది. సిసలైన చింతపిక్క. బావ భూతద్దం తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. అక్క మజ్జిగ తెచ్చి ఇచ్చింది. చిన్నారావు గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు. అక్కనే చూస్తున్నాడు.

"మేస్టారూ, అమ్మగోరి మొకం అలగ నల్లబడిపోనాదేటి? కాళ్ళు సూడండి, పొంగినాయి. మా కన్నమ్మకీ ఇలగే మొదలయినాది. ఆర్నెల్లు తిరగనేదు బాబూ."

కన్నమ్మ అతని భార్య. పోయి అప్పటికి ఏడాది.

"ఎండలయ్యా చిన్నారావూ. పైగా వయసొకటి. యాభై దాటాక ఆ మాత్రం రంగు దిగదా?" అన్నాడు బావ. భూతద్దం మీంచి తల ఎత్తలేదు.

"ఓపాలి రగతం పరీచ్చ సేయించీయండి. వొచ్చే లచ్చివారం బడికాడ కేంపు ఉన్నాది గదా."

"చేయిద్దాంలే" అని బావ నాణెం నా వైపు చాపాడు. "చూడరా, రెండొందల ఏళ్ళ దాకా అయింది, ఎక్కడా చెయ్యి పడలేదు."

నేనూ నాణేన్నే చూశాను. బావని తిట్టుకున్నప్పుడల్లా ఇది గుర్తొచ్చి నోరు పడిపోతుంది. నెలనెలా వెళ్ళి అక్క చేతి వంట తిని వచ్చేవాణ్ణి, నాకు మాత్రం కళ్ళు లేవా?

ఆ లక్ష్మివారం పలాస నుంచి ఇద్దరు ఆ నాణెం చూడడానికి వచ్చారట. అక్క వాళ్ళకి వంట చేస్తూ ఉండిపోయింది. మధ్యాహ్నానికల్లా బడి దగ్గర క్యాంపు ఎత్తేశారు.

శ్రావణమాసం వచ్చింది. రెండో శుక్రవారం అక్క కలశం పెట్టుకుంది. కలశంలో వేసే రాగి కాసు తళతళలాడాలి, నల్లటి రాగి అమ్మవారి ముందు పెట్టకూడదని మా ఇంట్లో పట్టింపు. మా అమ్మ ముందురోజే తోమి ఉంచేది. ఇంట్లో ఉన్న కాసుల్లో ఏది గొప్పదో అదే అమ్మవారికి ఇవ్వాలనుకుంది అక్క. బావ అన్నిటికంటే పైన పెట్టుకున్న ఆ కంపెనీ కాసు తీసి, చింతపండూ ఉప్పూ వేసి తోమింది. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది.

బావ అరవలేదు. అరిచినా బాగుండేది. పూజయ్యాక కాసు తీసి చూసి, అక్క అరచేతిలో పెట్టి, "ఇక ఇది నీకే" అన్నాడట. తరవాత పదకొండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

"తప్పు చేశాన్రా తమ్ముడూ. మాట్లాడ్డం మానేశారు" అంది అక్క ఫోన్లో. గొంతు నీరసంగా ఉంది. ఏడ్చిందేమో అనుకున్నాను. నాలుగు రోజులు పోతే ఆయనే దారికొస్తాడులే అని పెట్టేశాను.

ఆ పదకొండు రోజులూ ఆవిడకి తిన్నది తిన్నట్టు వాంతి అయిపోయేది. కాళ్ళు చెప్పుల్లో పట్టేవి కావు. ఆయన కంచంలో వడ్డించి లోపలికి వెళ్ళి పడుకునేది. మాట్లాడని మనిషికి ఏమని చెబుతుంది?

పన్నెండో రోజు నేను వెళ్ళాను. అక్క గోడ పట్టుకుని వచ్చి తలుపు తీసింది. నాకు నాణేల గురించి ఏమీ తెలియదు. కానీ ఆ ముఖం మీది నలుపు, బూడిద కలిసినట్టున్న ఆ నలుపు, ఆ వీధిలో తాళాలు పడ్డ ఇళ్ళవాళ్ళ ముఖాల మీద చూశాను. బావ వెనకనుంచి వచ్చి, "ఏరా, చెప్పకుండా వచ్చావు?" అన్నాడు. నేను ఆటో పిలిచాను.

పలాస ఆస్పత్రిలో సాయంత్రానికి అంకె చెప్పారు. ఎనిమిది దాటింది. ఒకటి ఉండవలసిన చోట ఎనిమిది. డాక్టరమ్మ అక్క కళ్ళ కింద వేలితో నొక్కి చూసి బావ వైపు తిరిగింది.

"ఒంటి రంగు ఇలా మారి ఎన్నాళ్ళయిందండీ?"

బావ నోరు తెరిచాడు. నాణెం ఉప్పుమడుల దగ్గర ఎన్నేళ్ళు ఉందో, మొలతాడుకి ఎన్నేళ్ళు ఉందో రంగు చూసి చెప్పే మనిషి. అక్క ముఖంలోకి చూశాడు, చాలాసేపు చూశాడు.

"మాఘమాసం నుంచమ్మా" అంది అక్క.

నాకు కోపం ఆగలేదు. "తెలిసీ ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదే?" అని అందరి ముందూ అరిచాను.

"ఆయన చూస్తారు కదరా రోజూ. రంగులు ఆయనకంటే ఎవరికి తెలుసు? భయపడాల్సిందైతే ఆయనే చెబుతారు కదా అనుకున్నాను" అంది.

బావ అక్కడే, వరండాలో నేలమీద కూర్చుండిపోయాడు. మా వెనక బల్ల మీద వంతు కోసం ఎదురుచూస్తున్న వాళ్ళు ఎవరూ తల తిప్పి చూడలేదు. అది వాళ్ళకి రోజూ ఉండేదే.

ఇప్పుడు వారానికి మూడుసార్లు రక్తశుద్ధి. ఆస్పత్రికి దగ్గరగా ఉంటుందని పలాసలోనే చిన్న వాటా తీసుకున్నారు. నాణేల పెట్టెలు మూడూ మంచం కింద ఉన్నాయి. తాళం తీయగా నేను చూడలేదు. ఆ తోమిన కాసు ఒక్కటీ అక్క తలగడ పక్కన కిటికీలో ఉంటుంది. శుక్రవారం వచ్చిందంటే బావ చింతపండు నానబెట్టి దాన్ని తోముతాడు. నాణెం ముట్టుకుంటేనే చేతులు కడుక్కోమనే మనిషి, వేళ్ళు ఎర్రబడేదాకా రుద్దుతాడు. అక్షరాలు అరిగిపోతున్నాయి.

మొన్న శుక్రవారం నేను వెళ్ళేసరికి అక్క ఆ కాసుని వేళ్ళతో పట్టుకుని చూస్తోంది. చేతులు పుల్లలైపోయాయి. ఆ వారం అంకె మళ్ళీ పెరిగింది.

"ఇక వదిలెయ్యండి. దాని రంగు దానికి రానివ్వండి" అంది అక్క.

"రానివ్వను" అన్నాడు బావ.

కాసు ఆమె చేతిలోంచి తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు. క్రితం శుక్రవారం తోమినదే. అంచుల దగ్గర అప్పుడే నలుపు మొదలైంది. బావ గిన్నె తీసుకుని చింతపండు కోసం వంటింట్లోకి వెళ్ళాడు.